కాదన్నవాళ్ల మాట కూడా మినిట్స్‌లో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఏ సంస్థ పాలకమండలి సమావేశమైనా, ఏ సంఘం సర్వసభ్య సమావేశమైనా మర్నాడు పత్రికలో వచ్చే వార్త దాదాపు ఒకే తీరున ఉంటుంది: అన్ని అంశాలనూ సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు. పెద్ద అజెండాను గంటన్నరలో ముగిస్తే అది సమర్థత. ఎవరైనా లేచి కాదంటే 'సమావేశం రసాభాస'. ఉద్యోగంలో ఉన్నంతకాలం మీటింగుల మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో రాసిపెట్టే అధికారిక నమోదు, రాయడమే పనిగా ఉన్నవాణ్ణి. ఈ లెక్క తలకిందులుగా ఉందని నా అభిప్రాయం.

లోపల జరిగేది ఇలా ఉంటుంది. అజెండా నోట్ ముందురోజు సాయంత్రం చేతికొస్తుంది. పూర్తిగా చదివేది ఒకరో ఇద్దరో. అధ్యక్షులవారు మొదలుపెడుతూనే "నా ఉద్దేశమైతే ఇదీ, మీరు కూడా మనసు విప్పి చెప్పండి" అంటారు. ఆ మాట విన్నాక ఇంకెవరు విప్పుతారు? పక్కనున్నాయన తలూపుతారు, ఆయన్ని చూసి ఆ పక్కాయన. ఫోన్ చూసుకుంటున్నవాళ్ల మౌనం అంగీకారం ఖాతాలో పడుతుంది. 'సుదీర్ఘ చర్చ అనంతరం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అనే వాక్యం చర్చ మొదలవక ముందే టైపై ఉంటుంది, తేదీ మారిస్తే సరిపోతుంది. అసలు చర్చ మీటింగ్ అయ్యాక లిఫ్ట్ దగ్గర మొదలవుతుంది. "ఇది నడిచేది కాదండీ" అని అక్కడ గట్టిగా చెప్పే మనిషి లోపల నోరు మెదిపి ఉండరు.

దీన్ని పిరికితనం అనేసి ఊరుకోలేం. 1950 దశకం మొదట్లో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో కొన్ని ప్రయోగాలు చేశాడు. ఇచ్చిన గీతతో సమానమైన గీత ఏదో చెప్పడమే పని. ఒంటరిగా అడిగితే దాదాపు ఎవరూ తప్పు చెప్పలేదు. ముందుగా మాట్లాడుకుని ఉంచిన మిగతావాళ్లంతా వరసగా తప్పు చెప్పినప్పుడు మాత్రం, కళ్లెదుట ఉన్న గీతల విషయంలోనే, మూడో వంతు జవాబులు నలుగురితో నారాయణా అయిపోయాయి. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది వేరు. గుంపులో ఒక్కరు వేరే జవాబు చెబితే చాలు, ఈ వరస చాలా మటుకు తగ్గిపోయింది. ఆ ఒక్కరు చెప్పింది సరైన జవాబు కాకపోయినా సరే, ఎదుటివాడికి నోరు పెగిలింది.

ఆ ఒక్కరి మాట వినబడకపోతే ఏమవుతుందో ఛాలెంజర్ ఉదంతం చెబుతుంది. 1986 జనవరి 28న ఆ అంతరిక్ష నౌక నింగికెగిసిన 73 సెకన్లకు ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు. సాంకేతిక కారణం అందరికీ తెలిసిందే: రాకెట్ బూస్టర్ అతుకుల్లో ఉండే రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోయి వేడి వాయువును ఆపలేకపోయాయి. నేను మాట్లాడుతున్నది అంతకు ముందు రాత్రి జరిగిన టెలిఫోన్ సమావేశం గురించి. బూస్టర్లు తయారుచేసిన థియోకాల్ కంపెనీ ఇంజినీర్లు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే ప్రయోగం వద్దని లెక్కలతో సహా చెప్పారు. నాసా అధికారులు అసంతృప్తి చూపించారు. ఐదు నిమిషాలు మాలో మేం మాట్లాడుకుంటాం అని కంపెనీవాళ్లు లైన్ పక్కన పెట్టారు, అది దాదాపు అరగంట సాగింది. ఇంజినీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకో అని ఒక పెద్దమనిషి ఇంకొకరికి చెప్పింది ఆ అరగంటలోనే. చివరికి అభిప్రాయం చెప్పమని అడిగింది నలుగురు మేనేజర్లను. వద్దన్న ఇంజినీర్లను అడగలేదు. తిరిగి లైన్లోకొచ్చి ప్రయోగించవచ్చు అన్నారు. ఎవరికైనా వేరే అభిప్రాయం ఉందా అని నాసావైపు నుంచి అడిగారు కూడా. ఎవరూ పలకలేదు. మర్నాడు ప్రయోగ సమయానికి అక్కడి చలి 2 డిగ్రీలు.

మినిట్స్ రాసేవాడిగా నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి ముక్క. ఆ రాత్రి జరిగిన వాదనలో చివరికి మిగిలింది 'ప్రయోగించవచ్చు' అని సంతకం చేసిన ఒక్క కాగితం. ఇంజినీర్లు ముందు వద్దన్న సంగతి ప్రయోగానికి తుది అనుమతి ఇచ్చిన పై అధికారులకు తెలియనే తెలియదని విచారణ కమిషన్ తేల్చింది. 'ఇంజినీర్లు ఒప్పుకోలేదు' అన్న ఒక్క ముక్క పైదాకా వెళ్లి ఉంటే, కనీసం ఇంకో ప్రశ్న పుట్టేది.

అయితే భయం ఒక్కటే కారణమనుకుంటే సగమే పట్టుకున్నట్టు. స్నేహపూర్వకంగా, ఏ పెత్తనమూ లేకుండా జరిగే సమావేశాలు కూడా దారి తప్పుతాయి. 1985లో స్టాసర్, టైటస్ అనే ఇద్దరు పరిశోధకులు నలుగురేసి విద్యార్థుల గుంపులకు ఒక ఎన్నికలో అభ్యర్థిని ఎంచే పని ఇచ్చారు. కొన్ని వివరాలు నలుగురికీ ఇచ్చి, మంచి అభ్యర్థికి అనుకూలమైన మిగతా వివరాలను తలా ఒక ముక్కగా పంచారు. అన్నీ బయటపెట్టుకుంటే ఎవరు మేలో తెలిసిపోయేదే. కానీ చాలా గుంపులు ఆ అభ్యర్థిని పట్టుకోలేకపోయాయి. కారణం, అందరికీ ముందే తెలిసినదాన్నే అందరూ మళ్లీ మళ్లీ మాట్లాడుకున్నారు. ఒకరికే తెలిసిన ముక్క చాలాసార్లు బయటికే రాలేదు, వచ్చినా ఎవరూ దాన్ని పట్టుకుని మాట్లాడలేదు. మన సమావేశాల్లో ఒకాయన చెప్పినదానికే ఇంకొకాయన "నేనూ అదే అంటున్నాను" అని పది నిమిషాలు తీసుకోవడం మీరూ చూసే ఉంటారు. స్టోర్‌లో పనిచేసే మనిషికి మాత్రమే తెలిసిన సంగతి ఈలోగా భోజనాల వేళలో కొట్టుకుపోతుంది.

దీనికి ఖరీదైన శిక్షణలు, రిసార్టుల్లో వర్క్‌షాపులు అక్కర్లేదు. చర్చ మొదలవక ముందు ప్రతి సభ్యుడూ తన అభిప్రాయం, దానికి కారణం, తనకు తెలిసిన ఒక్క కొత్త సంగతి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇంతే. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త 1907లో రాసిన ఎద్దు బరువు సంగతి చాలామందికి తెలుసు: ఇంగ్లండులో ఒక ప్రదర్శనలో 787 మంది వేసిన అంచనాలను వరసగా పేర్చి నడిమిదాన్ని తీస్తే 1,207 పౌండ్లు వచ్చింది, అసలు బరువు 1,198. జనసమూహం తెలివికి రుజువుగా దీన్ని చెబుతూ, వాళ్లంతా ఎవరి చీటీ వాళ్లే రాసుకున్నారన్న సంగతి మాత్రం మరిచిపోతారు. ఒక పెద్దాయన ముందు లేచి 'తొమ్మిది వందలు' అని ప్రకటించి ఉంటే ఆ లెక్క ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇక అధ్యక్షస్థానంలో ఉన్నవారు చివర మాట్లాడాలి. ప్రాచీన యూదుల న్యాయసభల్లో డబ్బు తగాదాలైతే పెద్దల అభిప్రాయంతో మొదలుపెట్టేవారట. మరణశిక్ష పడే కేసులైతే పక్క వరసలోని చిన్నవాళ్లతో మొదలుపెట్టాలన్నది నియమం. ప్రాణం మీదికి వచ్చినచోట మొహమాటం ఉండకూడదని వాళ్లకు తెలుసు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ 1961 ఏప్రిల్‌లో క్యూబా మీద దాడి విషయంలో సలహాదారుల మౌనాన్ని నమ్ముకుని భంగపడ్డాడు. మరుసటి ఏడాది అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణుల సంక్షోభం వచ్చినప్పుడు చాలావరకు వాళ్లతోనే కూర్చున్నాడు కానీ, కొన్ని సమావేశాలకు తాను కావాలనే వెళ్లలేదు, తన ఎదుట వాళ్లు స్వేచ్ఛగా మాట్లాడరని. మనుషులు పెద్దగా మారలేదు, పద్ధతి మారింది.

కొన్ని సంస్థలు ఒకరికి 'వ్యతిరేకించే పాత్ర' అప్పగించి చేతులు దులుపుకుంటాయి. దీని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నిజంగా నమ్మి కాదన్న మనిషి మాట మిగతావాళ్ల చేత ఆలోచింపజేసినంతగా, పాత్ర పోషించే మనిషి మాట చేయలేదని చార్లాన్ నెమెత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల్లో తేలింది. వేషం అని తెలిశాక ఎవరు చెవిన పెడతారు? దానికన్నా గ్యారీ క్లైన్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త సూచించిన పద్ధతి నయం: "ఏడాది గడిచింది, మన ప్రాజెక్టు దారుణంగా దెబ్బతింది, ఎందుకో రాయండి" అని నిర్ణయానికి ముందే అందరినీ అడగడం. తప్పు వెతకడమే అప్పుడు అప్పగించిన పని కాబట్టి, ఎవరూ ఎవరికీ శత్రువు కారు.

ఇలా అయితే పనులేం జరుగుతాయి, అంతా వాదనలతోనే సరిపోతుంది అనేవాళ్లున్నారు. నిజమే, కుర్చీలు కొనడానికి ఇంత తతంగం అనవసరం. చిన్న విషయాలు ఒక అధికారి సంతకంతో తేలిపోవాలి, సమావేశం దాకా రానక్కర్లేదు. వెనక్కి తీసుకోవడం కష్టమైన నిర్ణయాలకే ఈ పద్ధతి. భిన్నాభిప్రాయం నమోదు చేసిన సభ్యుడు కూడా, నిర్ణయం అయ్యాక దాన్ని అమలు చేయాల్సిందే. ఒప్పుకోకపోవడం వేరు, సహకరించకపోవడం వేరు.

పాలకమండళ్లకు, సంఘాలకు, కమిటీలకు నేను అడిగేది ఇదే: తీర్మానం కింద, ఎవరు ఏ కారణంతో ఒప్పుకోలేదో రెండు వాక్యాలు రాయండి. మూడేళ్ల తర్వాత నిర్ణయం బెడిసికొడితే ఎక్కడ పొరపాటు పడ్డామో ఆ రెండు వాక్యాల్లో దొరుకుతుంది. ఇప్పటి మినిట్స్‌లో దొరకదు. మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. ఏకగ్రీవం అని ప్రెస్‌నోట్ వచ్చినప్పుడు దాన్ని యథాతథంగా వేయకుండా, సభ్యుల ముందుకు ఎన్ని ప్రత్యామ్నాయాలు వచ్చాయి, పత్రాలు వాళ్ల చేతికి ఎన్ని రోజుల ముందు అందాయి అని రెండు ప్రశ్నలు అడిగి, జవాబులు కూడా వార్తలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి