పిక్కలు ఏరిపెట్టిన చేతులకు వందనాలు

ప్రభువు నామమున అందరికీ వందనాలు.

మార్చి నెలాఖరున తోటలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. సరిగ్గా జీడి పిక్కలు రాలే రోజులు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ రోజులంటే ఏమిటో తెలిసినవాళ్లకు నా దిగులు వివరించనక్కరలేదు. రాలిన పండు నేలమీదే ఉండిపోతే పిక్క తడికి నల్లబడుతుంది, ధర పడిపోతుంది. నేను కాలికి కట్టుతో మంచంమీద ఉండగా మా వీధివాళ్లు పదకొండు మంది వంతులేసుకుని, తెల్లవారకముందే మా తోటకు వెళ్లారు. పండు నుంచి పిక్కను మెలితిప్పి తీసి, కళ్లంలో ఎండబెట్టి, బస్తాలకెత్తి మా అరుగుమీద పెట్టారు. ఎనభై కిలోల బస్తాలు ఆరు. ఆ పదకొండు మందిలో మా సంఘానికి వచ్చేవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లు సొంత తోట పని ఆపుకుని వచ్చినవాళ్లు.

నా నిర్వాకం కూడా చెప్పాలి. ఎవరు ఎన్ని పూటలు వచ్చారో నోటు పుస్తకంలో రాసుకున్నాను, కూలి లెక్కగట్టి తీర్చేద్దామని. ఎదురింటి అక్క అది చూసి, "మేము కూలికి వచ్చామని నీతో ఎవరన్నారు తమ్ముడూ?" అంటూ పుస్తకం పట్టుకుపోయి పొయ్యిలో పెట్టేసింది. నిజంగానే.

ఊరికే వచ్చిన మేలును హాయిగా తీసుకోలేని ఈ గుణం నాకు ఇప్పటిది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా కొబ్బరి చెట్లనూ సగం జీడితోటనూ పడగొట్టిపోయింది. అప్పటినుంచి సంతోషమంటే నాకు అనుమానం. క్రిస్మస్‌కు కొత్త చొక్కా కుట్టించుకోవడానికి కూడా జంకేవాణ్ని. దాన్ని భక్తి అనుకున్నాను. భయమని మా ఆవిడకు ముందే తెలుసు.

పరామర్శకు వచ్చిన మా సంఘ కాపరి అయ్యగారు బైబిల్లో ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం తీశారు. అంతా వ్యర్థమని పదేపదే అన్న ఆ మనిషే, తిని తాగి తన కష్టార్జితంతో సుఖపడటం దేవుడిచ్చే బహుమానమంటాడు. ఆదివారం బడిలో పిల్లల చేత ఈ మాట వల్లె వేయించినవాణ్నే నేను. అక్క పంపిన పనసపొట్టు కూర కలుపుకుంటూ విన్నప్పుడు మాత్రం అది నాతోనే అన్నట్టుంది. ఎన్నాళ్లకో మారు వడ్డించమన్నాను.

పేర్లు రాయవద్దని ఒట్టు వేయించుకున్నారు కనుక రాయడం లేదు. వచ్చే ఆదివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, ఆ తర్వాత భోజనాలు. ప్రార్థనకు రాలేనివాళ్లు భోజనానికైనా రండి. పిల్లలు జీడిపండ్ల రసం తీస్తామంటున్నారు. ఆ మరక వదలదు, పాత బట్టలు కట్టుకుని రండి. నేను మాత్రం కొత్త చొక్కా వేసుకుంటున్నాను.