ఫోన్లు దింపించకు మావా

ఒరేయ్ మావా,

నిన్న ఫోన్‌లో మాట సగంలోనే ఆగిపోయింది. నీకు సౌండ్ చెక్ టైమైంది, నాకిక్కడ ఆఫీసు టైమైంది. అప్పట్నుంచీ నువ్వడిగిందే ఆలోచిస్తున్నాను. మీ బ్యాండు గిగ్‌లకి వచ్చే జనాన్ని ఫోన్లతో వీడియోలు తియ్యనివ్వాలా, మానిపించాలా అని. వాట్సాప్‌లో నాలుగు ముక్కల్లో తేలేది కాదిది, అందుకని ఉత్తరమే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో. మీ బ్యాండు వాళ్ళకీ చదివి వినిపించు, ముఖ్యంగా "నో ఫోన్స్" బోర్డు పెడదామంటున్న మీ డ్రమ్మర్‌కి.

నా మాట ముందే చెప్పేస్తాను. తియ్యనివ్వండి. పంచుకోనివ్వండి. డబ్బుకి అమ్మడం ఒక్కటే వద్దనండి. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

నేనుంటున్న ఈ బే ఏరియాలోనే గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండు పుట్టింది. 1965లో, పాలో ఆల్టోలో. 1995లో వాళ్ళ గిటారిస్టు జెర్రీ గార్సియా పోయేదాకా సుమారు 2,300 కచేరీలు చేశారు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆ రోజుల్లో వాళ్ళ వెంట ఊరూరా తిరిగిన మనిషి. ఆయన గరాజ్ నిండా అట్టపెట్టెల్లో క్యాసెట్లే, ఎక్కువ భాగం తొంభై నిమిషాల మాక్సెల్‌వి. ప్రతి దాని మీదా చేత్తో రాసిన తేదీ, ఊరు, హాలు పేరు, ఏ పాట తర్వాత ఏ పాట వచ్చింది, మైకులు ఎక్కడ పెట్టారు, ఇది అసలు టేపుకి ఎన్నో కాపీ. వాటిలో ఒక్కటి కూడా కొన్నది కాదు. కొన్ని ఆయన స్వయంగా తీసినవి, మిగతావన్నీ ముఖం కూడా చూడని మనుషులు పోస్టులో పంపినవి.

వాళ్ళని టేపర్లు అనేవారు. మొదట్లో రికార్డర్లు కోటు కింద దాచుకుని లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. బ్యాండుకి సంగతి తెలిసినా పెద్దగా అడ్డుపడలేదు. గార్సియా ఎలా అడ్డుపడతాడు? కుర్రతనంలో, 1964లో, ఆయనే ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, టేప్ రికార్డర్ కార్లో వేసుకుని, అమెరికా దక్షిణాది రాష్ట్రాలకి పోయి బ్లూగ్రాస్ అనే అక్కడి పల్లె సంగీతం కచేరీలు రికార్డు చేసుకొచ్చాడు. బాంజో నేర్చుకోవడానికి ఆయనకి దొరికిన పాఠాల్లో అవీ ఉన్నాయి. వాయించడం అయిపోయాక ఆ సంగీతం వినేవాళ్ళదే అన్నది ఆయన నమ్మకం.

1980లు వచ్చేసరికి ఇబ్బంది మొదలైంది. హాల్లో శబ్దం బాగా వినిపించేది సౌండ్ మిక్సర్ ఉన్న చోటి చుట్టుపక్కలే కదా. అందరూ అక్కడే, ఇంజినీర్‌కి ముందు, పొడుగాటి మైకు స్టాండ్లు పాతేవాళ్ళు. చివరికి సౌండ్ చూసే డాన్ హీలీకి స్టేజీయే కనపడకుండా పోయింది. ఇప్పుడు మీ గిగ్‌లో ముందు వరసవాళ్ళు చేతులెత్తితే వెనకవాళ్ళు గోల పెడుతున్నారన్నావే, అచ్చం అదే గొడవ. దానికి వాళ్ళేం చేశారో తెలుసా? 1984 అక్టోబరులో, బర్క్లీ కచేరీలకి, టేపర్లకంటూ వేరే టికెట్లు అమ్మారు. మిక్సర్ వెనక వాళ్ళకో చోటిచ్చారు. ఎంత పొడుగు స్టాండైనా పెట్టుకోండి, ఎవరికీ అడ్డుండదు అన్నారు. ఆ పద్ధతి తర్వాత కూడా సాగింది, వేరే బ్యాండ్లూ పట్టుకున్నాయి.

షరతు ఒక్కటే, టేపులు అమ్మకూడదు. ఆ ఒక్క షరతునీ కాపలా కాసింది అభిమానులే. ఎవరైనా టేపుకి డబ్బడిగితే మిగతావాళ్ళు వాణ్ణి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. కొత్తగా వచ్చినవాడి దగ్గర మార్చుకోవడానికేమీ ఉండదు కదా, ఖాళీ క్యాసెట్లూ తిరుగు పోస్టేజీ పంపితే చాలు, ఎవరో ఒకరు కాపీ చేసి పంపేవారు. పదో తరగతిలో మనం ఖాళీ టీడీకే క్యాసెట్లు పట్టుకుని పాటలు ఎక్కించమని వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలుకుంటూ తిరిగాం, గుర్తుందా? ఈ మాట వినగానే నాకు ఆ రోజులే కళ్ళ ముందుకొచ్చాయి.

దీనివల్ల బ్యాండు నష్టపోయిందా? వాళ్ళ పాట ఒక్కటంటే ఒక్కటి అమెరికా టాప్ టెన్‌లోకి ఎక్కింది, అదీ 1987లో, మొదలెట్టిన ఇరవై రెండేళ్ళకి. రేడియో వాళ్ళని పట్టించుకోని ఆ రోజుల్లో కూడా హాళ్ళు నిండిపోయేవి. వాళ్ళకి పాటలు రాసిన జాన్ పెర్రీ బార్లో 1994లో వైర్డ్ పత్రికలో ఒక పెద్ద వ్యాసం రాశాడు. టేపులు ఊరూరా తిరగడం వల్లే మాకు గిరాకీ పెరిగిందని అందులో తేల్చి చెప్పాడు.

అయితే మావా, ఇది అందరికీ కలిసొచ్చే పద్ధతి అనను. గ్రేట్‌ఫుల్ డెడ్ ఏ రెండు రాత్రులూ ఒకే వరసలో వాయించలేదు. ఒకే పాట ఓ రోజు ఎనిమిది నిమిషాల్లో ముగిస్తే ఇంకో రోజు ఇరవై నిమిషాలు సాగేది. అందుకే ఒక టేపు విన్నవాడికి రెండోది కావాలనిపించేది, రెండోది విన్నవాడికి హాలుకే వెళ్ళాలనిపించేది. నేనైతే ఏ బ్యాండునైనా ముందు ఈ ఒక్కటే అడుగుతాను, ఇవాళ్టి కచేరీలో నిన్నటి కచేరీలో లేనిది ఏమైనా ఉందా అని. రోజూ అవే పాటలు, అవే లైట్లు, అవే మాటలు అయితే వీడియో చూసినవాడు టికెట్ కొనకపోవచ్చు. మీ సంగతి వేరురా. అన్నమయ్య కీర్తన మధ్యలో మీ వయొలిన్ అబ్బాయి ఎటు వెళ్తాడో మీకే తెలియదు. ఆ జానపదానికి జనం గొంతు కలిపిన రోజు ఒకలా ఉంటుంది, కలపని రోజు ఇంకోలా ఉంటుంది. ఆ తేడా ఎక్కడా నిలవకుండా పోతుంటే నాకు బాధగా ఉంటుంది. మీరు స్టూడియోలో చేసిన ఆ నాలుగు పాటలూ బాగున్నాయి, కాదనను. కానీ మీ బ్యాండు అసలు సత్తా వాటిలో పావు వంతు కూడా లేదు.

ఇంకో సంగతి. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో, బార్టన్ హాల్లో వాళ్ళు చేసిన కచేరీ ఒకటుంది. అది అభిమానులు తీసింది కాదు, వాళ్ళ సొంత మనిషి బెట్టీ కాంటర్-జాక్సన్ మిక్సర్ నుంచి రికార్డు చేసింది. తర్వాత ఆమెకి ఆర్థికంగా ఇబ్బందులొచ్చి, అద్దె కట్టని గోదాములో ఉన్న టేపులన్నీ 1986లో వేలంలో పోయాయి. కొన్నవాళ్ళ దగ్గర్నుంచి అవి మెల్లగా టేపర్ల చేతికి చేరాయి, చేతులు మారుతూ దేశమంతా పాకాయి. 2011 సంవత్సరపు జాబితాలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ రికార్డింగుని జాతీయ సంపదగా ఎంచుకుంది. కంపెనీ దాన్ని ఆల్బమ్‌గా వేసింది 2017లో! అంటే అప్పటిదాకా ఆ రాత్రిని బతికించింది, ఫలానా కచేరీ గొప్పదని పేరు తెచ్చింది, పైసా ఆశించకుండా కాపీలు చేసుకున్న జనం.

అంత దూరం ఎందుకు, మన కర్ణాటక సంగీత విద్వాంసుడు వోలేటి వెంకటేశ్వర్లు గారిని తీసుకో. మీ నాన్నగారు ఆయన పేరెత్తితే చాలు చెయ్యెత్తి దణ్ణం పెట్టేవారు. వోలేటి గారు 1989లో పోయారు. ఇవాళ నువ్వూ నేనూ ఆయన్ని వింటున్నామంటే చాలావరకు విజయవాడ రేడియో రికార్డింగులూ, రసికులు ఇళ్ళలో దాచుకున్న కచేరీ టేపులూ వల్లనే. కచేరీ రికార్డింగులు పంచుకునే సంగీతప్రియ సైటులో ఉన్నవన్నీ అలాంటి మనుషుల పుణ్యమే కదా, అక్కడా కట్టుబాటు అదే, డబ్బు మాట రాకూడదు. సభలో మూల కూర్చుని స్పూల్ రికార్డర్ తిప్పిన ఏ గుమాస్తాగారో, ఏ మాస్టారో లేకపోతే ఎన్ని రాగాలు గాలిలో కలిసిపోయేవో.

ఇప్పుడు మీ చెల్లెమ్మ సంగతి. ఆమె బాధ నిజమైనది. ఇంకా సగమే తయారైన పాటని ధైర్యం చేసి స్టేజీ మీద పాడితే, శ్రుతి జారిన ఆ పది సెకన్లే ఎవడో కోసి రీల్ పెట్టాడన్నావు. నేనూ చూశాను, నాకూ కడుపు మండింది. ఫోన్లు వద్దనేవాళ్ళ వాదనలో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునేది ఇదే. ఎప్పుడూ కెమెరా చూస్తోందంటే గాయకులు తెలిసిన దారి వదిలి అడుగెయ్యరు. ఇంగ్లండ్ గాయని కేట్ బుష్ 2014లో, ముప్ఫై అయిదేళ్ళ విరామం తర్వాత లండన్‌లో 22 రాత్రులు పాడినప్పుడు, దయచేసి ఫోన్లు, కెమెరాలు వాడకండి, నాకు కావలసింది ప్రేక్షకులుగా మీతో బంధం, ఫోన్లతో కాదు అని ముందే మర్యాదగా అడిగింది. జనం ఆ మాట మన్నించారు. కానీ ఆడియో 2016లో వచ్చిందేగాని, వీడియో మాత్రం విడుదల చెయ్యలేదు. ఆ 22 రాత్రులూ చూసినవాళ్ళకే మిగిలిపోయాయి. అది ఆమె హక్కు, ఆమె పేరు అంతటిది. మీ పేరు హైదరాబాద్ దాటడానికి ఇంకా టైముందిరా, గుంటూరులో కూర్చున్న కుర్రాడు మిమ్మల్ని ఎలా వింటాడు మరి?

అమెరికా రాక్ గాయకుడు జాక్ వైట్ 2018లో తన కచేరీలకి వచ్చినవాళ్ళ ఫోన్లని సంచుల్లో పెట్టించి తాళం వేయించాడు. యాండర్ అని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన కంపెనీ చేసే సంచులవి. ఫోను నీ దగ్గరే ఉంటుంది, బయటికొచ్చేదాకా తెరుచుకోదు. నాకది నచ్చలేదు. అడిగితే వినే మనుషులకి తాళమెందుకు? టూల్ బ్యాండు పద్ధతి దీనికన్నా మేలు, కచేరీ అంతా వద్దని, ఆఖరి పాటకి మాత్రం తీసుకోండని స్టేజీ మీదనుంచే చెబుతారు. మీరు దాన్ని తిరగేసి వాడండి. అన్నీ తీసుకోండి, ఈ ఒక్క పాట ఇంకా మా చేతిలోనే ఉంది, దీనికి మాత్రం ఫోన్లు దింపండి అని చెల్లెమ్మ చేతే చెప్పించు. మన జనం మాట వింటారు. ఒకడు వినకపోతే పక్కవాడే వాడి చెయ్యి దింపుతాడు.

చట్టం కూడా చూశాను. మన 1957 కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ కళాకారుడికి తన ప్రదర్శన మీద హక్కు ఇస్తుంది. అయితే సొంతానికి వినడానికో చూసుకోవడానికో రికార్డు చేసుకుంటే తప్పు కాదని 39వ సెక్షన్ చెబుతుంది. అంటే తియ్యడం ఒక ఎత్తు, దాన్ని ఊరంతా పంచడం ఇంకో ఎత్తు, పంచడానికి మీ అనుమతి కావాలి. కాబట్టి "డబ్బు తీసుకోకుండా పంచుకోవచ్చు" అని మీ పేజీలో రెండు వాక్యాలు రాసిపెడితే మీకూ మంచిది, వాళ్ళకీ ధైర్యం.

ఇది మీ సొంత పాటల సంగతి. సినిమా పాటలు కూడా వాయిస్తున్నారు కదా, అక్కడ జాగ్రత్త. వాటి మీద హక్కు మీది కాదు, వీడియో పెట్టుకోమని చెప్పడానికి మీరు చాలరు. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలు గారికి ఇళయరాజా గారి నోటీసు వెళ్ళినప్పుడు మన ఇళ్ళలో ఎంత బాధపడ్డామో నీకు చెప్పక్కర్లేదు. అంతటి స్నేహితుల మధ్యే అలా జరిగింది. అందుకని అనుమతి మీ సొంత పాటలకే అని స్పష్టంగా రాయండి. వేరేవాళ్ళ పాట విషయంలో ఎవరి మాట చెల్లుతుందో అందరికీ తెలియదు. 2008లో అమెరికాలో కోచెల్లా సంగీత ఉత్సవంలో ప్రిన్స్ అనే గాయకుడు, రేడియోహెడ్ అనే ఇంగ్లండ్ బ్యాండు పాట ఒకటి పాడాడు. జనం తీసిన వీడియోలన్నీ నెట్‌లోంచి తీయించేశాడు. రేడియోహెడ్ గాయకుడు థామ్ యార్క్‌కి ఈ సంగతి చెబితే, పాట మాది, ఉండనివ్వమనండి అన్నాడు.

ఆ రేడియోహెడ్ వాళ్ళే మీకు దారి చూపించారు కూడా. 2009 ఆగస్టులో ప్రాగ్ కచేరీని అభిమానులు తలో మూలనుంచీ చాలా కెమెరాలతో తీశారు. వీడియో బాగుంది, శబ్దం బాగాలేదు. బ్యాండు తన దగ్గరున్న అసలు ఆడియో ఇచ్చేసింది. అభిమానులు రెండూ కలిపి 2010లో ఉచితంగా విడుదల చేశారు. ఇది మీకు రూపాయి ఖర్చులేని పని మావా. మీ గిగ్‌లు ఫోన్‌లో తీస్తే ఎప్పుడూ బేస్ దగ్గర చిరిగిపోతోంది, చెల్లెమ్మ గొంతు అందులో మునిగిపోతోంది. మిక్సర్ నుంచి ఒక వైరు లాగి ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేయించు. మర్నాడు గూగుల్ డ్రైవ్‌లో పెట్టు. మీరు తీసిన వీడియోకి ఇది తగిలించుకోండి అని చెప్పు. ఆ పది సెకన్ల రీల్‌కి మీరు ఇవ్వగలిగిన జవాబు అదే. పూర్తి పాట, మంచి శబ్దంతో, అందరికీ దొరికేలా.

ఇంకోటి మర్చిపోయాను. నిజంగా శ్రద్ధగా తీసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, ట్రైపాడ్ తెచ్చుకునే రకం. వాళ్ళని మిక్సర్ వెనక నిలబెట్టు. మిగతావాళ్ళకి ఒక్క మాట, ఫోను గుండెల ఎత్తు దాటనివ్వొద్దని. వెనకవాడూ టికెట్ కొనే వచ్చాడు కదా.

మీ డ్రమ్మర్ ఇవన్నీ విని కూడా కాదంటే నాకు ఫోన్ చేయించు, నేను మాట్లాడతాను. పిన్నిగారిని అడిగానని చెప్పు. శనివారం గిగ్‌లో ఎవరైనా మొత్తం తీస్తే ఎడిటింగ్ అదీ వద్దు, ఉన్నదున్నట్టు లింకు పంపించు. మా పెద్దాయనకి కూడా వినిపిస్తానని మాటిచ్చాను.

ఉంటాను రా.

నీ మావ