ఎప్‌క్యామ్ యాంటీబాడీ తీసుకునేవాళ్ళకి: లిస్టులోంచి వెస్టర్న్ బ్లాట్ తీసేశాం

అందరికీ నమస్కారం. బెంగళూరు యశ్వంతపురలోని మా చిన్న ఆఫీసు నుంచి రీసెర్చ్ యాంటీబాడీలు తీసుకునే ల్యాబుల వాళ్ళకి ఈ మాట. ఎప్‌క్యామ్ అంటే కణాల పైపొర మీద ఉండే ఒక ప్రోటీన్, దాన్ని గుర్తుపట్టి అంటుకునేది ఈ యాంటీబాడీ. మా ధరల పట్టికలో ఎప్‌క్యామ్ మోనోక్లోనల్ ఎదురుగా ఇప్పటిదాకా మూడు పరీక్షల పేర్లు ఉండేవి: ఫ్లో సైటోమెట్రీ (కణాలని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వెలుగు కొలవడం), ఇమ్యునోఫ్లోరసెన్స్ (కణం మీద వెలుగుని మైక్రోస్కోప్‌లో చూడటం), వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లని జెల్‌లో విడగొట్టి కావాల్సినదాన్ని బ్యాండ్‌గా చూడటం). ఈ నెల నుంచి మూడోది లేదు. సరుకు మారిందా, కంపెనీ మారిందా అని ఫోన్లు వస్తున్నాయి. కంపెనీ అదే, క్లోన్ (యాంటీబాడీని తయారుచేసే కణాల వంశం) కూడా అదే. తయారుచేసేవాళ్ళ షీట్‌లో వెస్టర్న్ ఇప్పటికీ ఉంది, "నాన్-రెడ్యూసింగ్ జెల్ మాత్రమే" అన్న షరతుతో, అంటే ప్రోటీన్‌లోని డైసల్ఫైడ్ బంధాలు తెంచే రసాయనం వేయకుండా నడిపే జెల్. ఆ షరతు చదివి ఇండెంట్ పెట్టేవాళ్ళు బహు తక్కువ. అందుకే మేమే తీసేశాం.

నాకు వచ్చే ఫోను దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "సార్, బ్యాండ్ రాలేదు, వయల్ పాడైపోయినట్టుంది." బ్లాట్ సరిగ్గా నడిచిందో లేదో చూసే యాక్టిన్ ప్రోటీన్ వచ్చిందా అంటే వచ్చిందంటారు. ప్రోటీన్లన్నిటినీ చూపే పాన్సో రంగులో లేన్లు బాగున్నాయంటారు. అదే వయల్‌ని పక్క ల్యాబు కుర్రాడు ఎప్‌క్యామ్ బాగా ఉండే హెచ్‌టీ-29 పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద ఫ్లోలో పెడితే పీక్ అల్లంత దూరం కుడికి జరుగుతుంది. ఎప్‌క్యామ్ లేని జర్కాట్ కణాల్లో మాత్రం ఐసోటైప్ కంట్రోల్ (పోలిక కోసం పెట్టే, ఎప్‌క్యామ్‌ని గుర్తుపట్టని యాంటీబాడీ) మీదే కూర్చుంటుంది. అంటే వయల్ నిక్షేపంలా ఉంది.

అసలు సంగతి ప్రోటీన్ మడతల్లో ఉంది. ఎప్‌క్యామ్ దాదాపు 40 కిలోడాల్టన్ల పొర ప్రోటీన్. కణం బయటకి ఉండే భాగాన్ని డైసల్ఫైడ్ బంధాలు ఒక ఆకారంలో పట్టి ఉంచుతాయి. ఈ క్లోన్ గుర్తుపట్టేది ఆ ఆకారాన్నే. మనం వెస్టర్న్‌కి ఏం చేస్తాం? ఎస్‌డీఎస్, బీటా-మెర్కాప్టోఇథనాల్ వేసి మరిగిస్తాం. బంధాలు తెగుతాయి, గొలుసు తిన్నగా సాగుతుంది. జంతికని చూసి గుర్తుపట్టేవాడి ముందు పిండిముద్ద పెట్టి ఇదేంటో చెప్పమన్నట్టు ఉంటుంది.

బ్యాండ్ రాకపోతే ఒక ఎక్స్‌పెరిమెంటే పోతుంది. నా భయం దానికి కాదు. బ్యాండ్ రాలేదని యాంటీబాడీని 1:1000 నుంచి 1:200కి చిక్కగా చేస్తారు, ఎక్స్‌పోజర్ పెంచుతారు. అప్పుడు ఎక్కడెక్కడో నాలుగు గీతలు తేలతాయి. వాటిలో 40కి దగ్గరగా ఉన్నదాన్ని ఎప్‌క్యామ్ అని థీసిస్‌లో రాసేస్తే, వయల్ అమ్మినవాడిగా నాకు నిద్ర పట్టదు.

బీటా-మెర్కాప్టో లేకుండా నడిపితే ఈ క్లోన్‌తో కొన్నిసార్లు బ్యాండ్ వస్తుంది. దానికి నేను పూచీ పడను. వెస్టర్న్ కచ్చితంగా కావాలంటే తిన్నగా ఉన్న పెప్టైడ్‌కి వ్యతిరేకంగా చేసిన యాంటీబాడీ చూసుకోండి. మా దగ్గర లేదు, వేరే డీలర్ల దగ్గర దొరుకుతుంది. అడిగితే ఏం చూసి కొనాలో చెబుతాను.

దీనివల్ల అమ్మకం తగ్గుతుంది, దాచేదేముంది. ఫ్లో మెషీన్ పెద్ద ఇన్‌స్టిట్యూట్లలోనే ఉంటుంది. అనంతపురం, కర్నూలు వైపు కాలేజీల్లో ఎక్కువగా ఉండేవి జెల్ ట్యాంకులే. మా ఎప్‌క్యామ్ ఆర్డర్లలో చిన్నవన్నీ అక్కడివే. అక్కడి మేడమ్‌లకి, సార్లకి నా సలహా ఒకటే: డిపార్ట్‌మెంట్‌లో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ ఉంటే కవర్‌స్లిప్ మీద పెంచిన ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలతో మొదలుపెట్టండి. కణం అంచు చుట్టూ గీత గీసినట్టు వెలుగు రావాలి. కణం మొత్తం ఒకే మసకగా వెలిగితే అది ఎప్‌క్యామ్ కాదు, బ్లాకింగ్ (యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ఆపే దశ) చాల్లేదని అర్థం.

ఎండీఏ-ఎంబీ-231లో సిగ్నల్ బలహీనంగా ఉందని కూడా కంప్లైంట్లు వస్తుంటాయి. అది రొమ్ము క్యాన్సర్ లైనే, కానీ మెసెంకైమల్ (పొరలుగా కాక విడివిడిగా ఉండే కణాల) స్వభావం ఎక్కువ. ఎప్‌క్యామ్ ఎపిథీలియల్ కణాల (పొరలుగా అతుక్కుని ఉండేవాటి) గుర్తు, ఎపిథీలియల్ స్వభావం పోతుంటే ఎప్‌క్యామ్ కూడా తగ్గుతుంది. 2004లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన సెల్‌సెర్చ్ పద్ధతి 7.5 మిల్లీలీటర్ల రక్తంలోంచి క్యాన్సర్ కణాలని ఎప్‌క్యామ్ పట్టుకునే లాగుతుంది. ఎప్‌క్యామ్ పోగొట్టుకున్న కణాలు దానికీ చిక్కవు. కాబట్టి 231ని పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టకండి. ఇంకో మాట: ట్రిప్సిన్‌లో కణాలని ఎక్కువసేపు వదిలేస్తే పైనున్న ప్రోటీన్లని అది కోసేస్తుంది. ఫ్లోకైతే, ప్రోటీన్లని కోయకుండా కణాలని విడదీసే ఈడీటీఏతో లేపండి.

ఈమధ్య రెండు మూడు ఆసుపత్రుల నుంచి పేషెంట్ బయాప్సీ మీద వాడొచ్చా అని అడిగారు. వాడకూడదు. మేం అమ్మేది పరిశోధనకి మాత్రమే, లేబుల్ మీదే ఉంటుంది. రోగ నిర్ధారణ కిట్లు 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తాయి, వాటికి లైసెన్సు వేరు. పైగా ఎప్‌క్యామ్ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. 1979లో ఫిలడెల్ఫియా విస్టార్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎలుక యాంటీబాడీతో దీన్ని పట్టుకున్నప్పుడు పెద్దపేగు క్యాన్సర్‌కే ప్రత్యేకమనుకున్నారు. తర్వాత చూస్తే ఆరోగ్యంగా ఉన్న పేగు పొర మీద కూడా బోలెడంత ఉంది. ఎంత రేటిచ్చినా ఈ ఆర్డర్లు తీసుకోం, దయచేసి బలవంతపెట్టకండి.

పార్సెల్ సంగతి. థర్మోకోల్ బాక్స్ విప్పగానే జెల్ ప్యాక్ చల్లగా ఉందో లేదో చేత్తో పట్టుకుని చూసి, ఫొటో తీసి, ఆ తర్వాతే స్టోర్స్ రిజిస్టర్‌లో సంతకం పెట్టండి. వయల్‌లో ఉండేదే వంద మైక్రోలీటర్లు. దార్లో కుదుపులకి సగం మూతలో అంటుకుంటుంది, తెరిచే ముందు ఒక్కసారి స్పిన్ చేయండి. "తక్కువొచ్చింది" అన్న ఫిర్యాదులు చాలావరకు అక్కడే తీరిపోతాయి. పీఈ (వెలుగునిచ్చే రంగు) తగిలించిన వయల్‌ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు. మైనస్ 20 అయితే ఇంకా భద్రం అనుకుని పెడతారు, గడ్డకట్టిందంటే పీఈ పోయినట్టే. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచితే చాలు.

రేట్ల విషయం: డాలర్‌తో పాటు మా కొనుగోలు ధర పెరిగింది, కొత్త పట్టికలో అది కనిపిస్తుంది. చిన్న వయల్ కూడా తెస్తున్నాం. మైక్రోగ్రాము లెక్కన చూస్తే చిన్నదే ఎక్కువ ఖరీదు, అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అదే కొనండి. మార్చి 31 లోపు గ్రాంటు ఖర్చుపెట్టాలని పెద్ద వయళ్ళు నాలుగు తెప్పించుకుని, జూన్‌లో వాడబోతే ఎక్స్‌పైరీ దగ్గరపడిందని ఫోన్ చేస్తారు. పీఓ (కొనుగోలు ఆర్డరు) మార్చిలోనే ఇవ్వండి, కాదనను. సరుకు ఎప్పుడు పంపాలో దాని మీదే రాయించండి, అప్పటిదాకా మా ఫ్రిజ్‌లో ఉంచుతాం. మీ అకౌంట్స్ సెక్షన్ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి, కొన్నిచోట్ల సరుకు అందితే గానీ బిల్లు కదలదు.

వెస్టర్న్ కోసమని ఇప్పటికే కొని, వయల్ ఇంకా తెరవనివాళ్ళు లాట్ నంబరు ఫొటో పంపితే వెనక్కి తీసుకుంటాం. తెరిచినదైతే డబ్బు వాపసు ఇవ్వలేం. ఫ్లో మెషీన్ ఉన్న మీ పక్క ల్యాబుకి అందులో కొంత ఇచ్చి, బదులుగా మీక్కావాల్సింది ఏదైనా తీసుకోండి.