శ్లాబు చువ్వల్ని తింటున్న ఉప్పు

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని గంజాం జిల్లా గోపాల్‌పూర్ తీరంలో ముప్పై ఏళ్లుగా తాపీపని చేస్తున్నాను. మొన్న మా అక్క ఇంటి శ్లాబు పెచ్చు ఊడి పసివాడి ఉయ్యాల పక్కనే పడింది. చిటికెనవేలంత చువ్వ, గోటితో గీరితే పొరలుగా రాలింది. ఆ శ్లాబు పోసింది నేనే. ఒడ్డు ఇసుక, ఉప్పుబావి నీళ్లు కలిపాను. చువ్వను అడుగు పలకకు తగలకుండా ఎత్తి ఉంచే బిళ్లకు బదులు కంకరరాయి పెట్టాను.

సిమెంటు క్షారం ఇనుముకు కట్టే రక్షణపొరను ఉప్పులోని క్లోరైడ్ చీలుస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పైన ఎన్ని పూతలేసినా లోపల ఆగదు.

కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 456, తీరప్రాంతంలో ఉప్పుగాలి నేరుగా తగిలే కాంక్రీటుకు కనీసం 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, ఉండాలంటుంది. ప్రభుత్వ ఇళ్లకైనా శ్లాబు పోయకముందే ఇంజనీరు వచ్చి బిళ్లలూ, నీళ్లూ చూడాలి. పోశాక చూసి లాభమేముంది?

— ఒక తాపీమేస్త్రీ, గోపాల్‌పూర్