వార్షిక నివేదిక 2024–25: లంకమల అభయారణ్య సందర్శనలు

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

ఈ ఏడాది మన సంఘం నెలవారీ ఉదయపు నడకలు యథాప్రకారం సాగాయి. సభ్యత్వ చందాలో మార్పు లేదు. అందువల్ల ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని కడప జిల్లాలోని లంకమల అడవి సందర్శనలకే కేటాయిస్తున్నాము.

మొదటి ప్రయాణం విఫలమైంది, తప్పు కార్యవర్గానిదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి విహారానికి వెళ్లేవారికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి కాగా, శివరాత్రికి లంకమల్లేశ్వరస్వామి దర్శనానికి వెళ్లివచ్చే అలవాటున్న మనం, తెలిసిన దారే కదా అని కాగితం లేకుండానే బయలుదేరాము. చెక్‌పోస్టు దగ్గర సిబ్బంది మర్యాదగానే వెనక్కు పంపారు. ఎర్రచందనం ఉన్న కొండల్లో కొత్త ముఖాలను అడగకుండా వదలడం వారికి కుదిరే పని కాదు. ఆనాటి బస్సు బాడుగను కార్యవర్గ సభ్యులే భరించారు. కట్టుకెళ్లిన చిత్రాన్నం మాత్రం చెట్టు నీడన తిని వచ్చాము.

డిసెంబరులో అనుమతి తీసుకొని, చిన్న బృందాలుగా రెండుసార్లు వెళ్లాము. మొసలి చర్మంలా పలకలుగా పగిలిన ఎర్రచందనం బెరడును తాకి చూశాము, వాగు ఇసుకలో దుప్పుల అడుగులు గుర్తించాము, నెమళ్ల కూతలు విన్నాము. కలివికోడి కనబడలేదని కొందరు సభ్యులు నిరుత్సాహపడ్డారు. 1900 తర్వాత కనబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షిని 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో ఇక్కడే తిరిగి కనుగొన్నారు. దాని కోసమే 1988లో దాదాపు 464 చదరపు కిలోమీటర్ల ఈ అభయారణ్యం ఏర్పడింది. పగలంతా పొదల నీడన కదలక ఉండి, రాత్రి పూట మాత్రమే మేతకు తిరిగే పక్షి, ఉదయం తొమ్మిదింటికి కబుర్లాడుతూ నడిచేవారికి దొరకదు. టార్చిలైట్లతో రాత్రి నడక పెట్టాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. మనం చూడకపోయినా ఆ పక్షికి నష్టం లేదు, మనం వెతికితేనే నష్టం అన్న అభిప్రాయంతో కార్యవర్గం దానిని తోసిపుచ్చింది.

రెండో సందర్శనలో ఒక బృందం సౌండ్ బాక్సు తెచ్చింది. అడవిలో పాటలు వద్దని చెప్పవలసి రావడమే మనకు సిగ్గుచేటు. వాగు ఒడ్డున పొయ్యి వెలిగించబోయిన వారిని అటవీశాఖ సిబ్బంది కన్నా ముందు మన సభ్యులే ఆపడం కొంత ఊరట. అభయారణ్యంలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం. ఆ ఎండుగడ్డికి ఒక్క రవ్వ చాలు. దారిలో ఏరిన ప్లాస్టిక్ సీసాలను కడపకు తిరిగి తెచ్చాము. వాటిలో మనవీ కొన్ని ఉన్నాయి.

వచ్చే చలికాలంలో నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు గడ్డిభూములకు, కృష్ణజింకలను చూడడానికి వెళ్లాలని నిర్ణయించాము. అనుమతి దరఖాస్తు ముందుగా పంపవలసి ఉన్నందున, ఆసక్తి గల సభ్యులు సెప్టెంబరు నెలాఖరులోగా గుర్తింపు కార్డు నకలుతో పేర్లు నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాము.

— కార్యదర్శి