కాలనీ మొక్కల గురించి మా నర్సరీ నుంచి ఒక మాట

అందరికీ నమస్కారమండి. కడియం నుంచి రాస్తున్నాను. ఎప్పుడూ కొత్త రకాలొచ్చాయనో రేట్లు మారాయనో రాసేవాణ్ణి, ఈసారి మా వల్ల జరిగిన తప్పొకటి చెప్పుకోవాలి.

నిరుడు వానాకాలంలో, ప్రభుత్వం పేదలకిచ్చిన ఇళ్ల స్థలాల్లో లేచిన ఒక కొత్త కాలనీకి మా దగ్గర్నుంచి 120 మొక్కలు వెళ్లాయి. అక్కడివాళ్లు ఇంటికింతని చందా వేసుకుని కొన్నవి. సంక్రాంతి వెళ్లాక చూద్దామని వెళ్తే 31 బతికున్నాయి.

ఎండిపోయిన కానుగ మొక్కొకదాన్ని తవ్వించాను. గునపం వేస్తే ఠంగుమంది. పైన అడుగున్నర మందాన ఎర్ర గ్రావెల్, రోలరు తొక్కించి మెరక చేసింది. దాని కింద నల్లటి బంకమట్టి, అంటే ఒకప్పటి వరిచేను. అడుగు లోతు గుంత తీసి మొక్క పెడితే వాననీళ్లు దిగే దారి లేక ఆ గుంత గంగాళంలా నిండిపోయింది. అంతవరకే అయితే నేరం నేల మీదకి తోసేసి ఇంటికొచ్చేసేవాణ్ణి. వేళ్ల మట్టి దులిపి చూస్తే సిగ్గేసింది. నాటి ఆరునెలలైనా వేళ్లు మేం మొక్క పెంచిన ప్లాస్టిక్ కవరు ఆకారంలోనే ఉన్నాయి, అడుగున చుట్టకుదురులా గుండ్రంగా తిరిగేసి. ఆ సరుకు మా దగ్గర ఎక్కువకాలం నిలవుండిపోయింది. పెద్ద కవర్లలోకి మార్చాల్సింది, కూలి మిగులుతుందని మార్చలేదు. కాబట్టి పోయిన 89 మొక్కలూ ఉచితంగా మళ్లీ ఇస్తున్నాం, బండి కిరాయి కూడా మాదే.

ఆ రోజు ఒక మామ్మగారు నన్ను పట్టుకుని అడిగేశారు: “ఏం బాబూ, వేసవంతా శ్లాబు కింద పడుకోలేక వీధిలో మంచాలేసుకున్నాం. నీ చెట్టు ఎప్పుడు పెరిగేను, నేనెప్పుడు చల్లగా పడుకునేను?” నా దగ్గర జవాబు లేదు. శ్లాబు మీద పందిరేసి ఆనపపాదు ఎక్కించమని చెప్పాను. కడియం వచ్చాక గింజలు పంపించాను. వచ్చే ఎండలకి ఆవిడకి పనికొచ్చే నీడ అదొక్కటే.

సెంటంటే 48 గజాల చిల్లర, అంటే 435 చదరపుటడుగులు. 2020 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచిన ఇళ్ల పట్టాలు పట్నాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. పట్నం సెంటులో 340 అడుగుల ఇల్లు లేచాక మిగిలేది మోటారుసైకిలు పెట్టుకునేంత చోటు. అయినా మనవాళ్లు వచ్చి మొదట అడిగేది కొబ్బరి మొక్కే! తోటలో కొబ్బరికి చెట్టుకీ చెట్టుకీ మధ్య పాతికడుగులు వదులుతాం. లెక్కేస్తే ఒక చెట్టు వాటా 625 చదరపుటడుగులు, పట్నం ఇంటి స్థలం కన్నా ఎక్కువ. అలాంటి చోటికి కొబ్బరి ఇక అమ్మను. కోప్పడకండి. కరివేపాకు, నిమ్మ, పారిజాతం ఇస్తాను.

ఇళ్ల కోసం పచ్చదనం పోతోందని మా నర్సరీకొచ్చి బాధపడేవాళ్లున్నారు. కొందరు పది సెంట్ల ఇంట్లో ఉండి, ఆకులు రాలుతున్నాయని వేపచెట్టు కొట్టించి వాకిలంతా టైల్స్ వేయించినవాళ్లే. (వాళ్లకి కుండీలమ్మింది నేనే, అదీ ఒప్పుకోవాలి.) ఇరవయ్యేళ్లు అద్దెకుండి సొంత గోడ చూసుకున్నవాళ్లకి మనం చెట్ల పాఠం చెప్పడం బాగోదు. అలాగని ఎక్కడ పడితే అక్కడ కట్టేయొచ్చని కాదు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాలకని మడచెట్లు కొట్టేస్తే గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మడ అంటే కవర్లో పెంచి లారీకెత్తే సరుకు కాదు. ఉప్పునీటి పాయల్లో ఆటుపోట్ల మధ్య పెరిగేది, తుపానొస్తే ముందు అదే అడ్డుపడాలి. దాని బదులు ఇంకోచోట మా మొక్కలు వెయ్యి నాటినా లెక్క సరిపోదు.

ఆ కాలనీలో నాకు నచ్చనిది ఇళ్లు కాదు, వీధి. ఒక పక్క కరెంటు స్తంభాలు, రెండో పక్క డ్రైను, చెట్టుకి ప్లానులోనే చోటు లేదు. ఇప్పుడు ప్రభుత్వం పట్నంలో 2, పల్లెలో 3 సెంట్లు ఇస్తామంటోంది. స్తంభాలు పాతకముందే వీధికొక పక్క చెట్లకి వదలమని మీ ఊళ్లో అడగండి. తీగల కింద గన్నేరు చాలు, తీగల్లేని పక్క కానుగ, పొగడ వేయొచ్చు. వేప, రావి మాత్రం ఉమ్మడి స్థలంలోనే.

కవర్లు మార్చే కూలీ, కొబ్బరిపొట్టూ కలిసి మొక్కకి 20 రూపాయలు ఎక్కువ పడుతున్నాయి. వచ్చే నెల నుంచి వీధిచెట్ల రేటు ఆ మేరకి పెరుగుతుంది. చందాలేసుకుని వచ్చే కాలనీలకి మాత్రం పాత రేటే.

మృగశిర కార్తెకి లోడు పంపుతాం. ఈలోగా ఎండల్లోనే గుంతలు తీయించండి, మెరక దాటి అడుగునున్న పాత చేను మట్టి తగిలేదాకా. తీశాక ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. ఫొటోలో నల్లమట్టి కనబడితేనే మా బండి కడియం నుంచి కదులుతుంది.