ముందు రంగా, ముందు ఎంబాసింగా?

సంపాదకులకు,

సెలవుల్లో పిల్లలు సొంతంగా గ్రీటింగు కార్డులు తయారు చేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఉపయోగకరమైనదే గానీ, అందులో ఎంబాసింగును, అంటే కాగితం మీద గీతనో బొమ్మనో ఉబ్బెత్తుగా తేల్చే పనిని, దానిలోని రెండు రకాలనూ ఒకటిగా కలిపేసి, ‘నీటిరంగులు వేశాక ఎంబాసింగు చేయాలి’ అని ఒక్క మాటతో తేల్చేశారు. ఆ వరస ఒక పద్ధతికి సరిపోతుంది. రెండో పద్ధతికి ఉన్న ముఖ్య ప్రయోజనాన్నే పోగొడుతుంది.

పౌడరుతో చేసే పద్ధతిలో, నెమ్మదిగా ఆరే సిరాతో ముద్ర వేసి, దానిమీద ఎంబాసింగు పౌడరు చల్లి, అంటుకోనిది దులిపేసి, బాగా వేడిగాలి ఊదే హీట్ గన్‌తో వేడి చేస్తారు. పౌడరు కరిగి, నీటిని పీల్చని గట్టి గీతగా నిలబడుతుంది. ఆ తర్వాత కుంచెతో రంగు నింపితే, పువ్వు బొమ్మలో ఒక రేకులోని రంగు పక్క రేకులోకి పారకుండా ఆ గీత పొలం గట్టులా ఆపుతుంది. ముందే రంగు వేసేస్తే ఈ మేలు దక్కదు సరికదా, కాగితంలో ఏమాత్రం తడి మిగిలినా పౌడరు అక్కరలేని చోటల్లా పట్టుకుంటుంది. పొడి కాగితానికి కూడా ఈ బెడద కొంత ఉంటుంది కనుక, ముద్ర వేయడానికి ముందు పల్చటి గుడ్డలో మూటగట్టిన టాల్కం పౌడరుతో ఒకసారి అద్దుకోవడం మంచిది.

స్టెన్సిల్ (బొమ్మ ఆకారాన్ని కత్తిరించి తీసేసిన అట్ట) మీద కాగితం పరిచి వెనకనుంచి నొక్కే పద్ధతి వేరు. శుభలేఖల మీద రంగు లేకుండా ఉబ్బెత్తుగా కనిపించే వినాయకుడి బొమ్మ ఈ కోవలోదే. కాగితపు పీచును సాగదీసి నిలిపిన ఎత్తు కాబట్టి తడి తగిలితే సడలి చదునవుతుంది. ఇక్కడ మాత్రం రంగు పూర్తిగా ఆరాకే నొక్కాలి. పాత అట్టను కత్తిరించిన స్టెన్సిలు, సిరా అయిపోయిన బాల్‌పెన్ను ఉంటే చాలు. వ్యాసంలో సిఫారసు చేసిన ఖరీదైన కిట్టు అనవసరం.

కాగితం గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. మామూలు డ్రాయింగు షీటు తడికి ముడతలు పడుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు తూగే) కాగితం నీటిరంగులకు శ్రేష్ఠమే అయినా చేత్తో నొక్కడానికి మొండికేస్తుంది కనుక, రెండూ కావాలనుకునేవారు 200 జీఎస్ఎం కాగితాన్ని నాలుగు అంచులా బోర్డుకు టేపుతో అంటించి వాడుకోవచ్చు. చేతితయారీ కాగితం చూడముచ్చటగా ఉంటుంది గానీ, జిగురు సరిగా పట్టించనిదైతే రంగు పడ్డచోటే ఇంకిపోతుంది.

హీట్ గన్‌ను పిల్లల చేతికి ఇవ్వకూడదు. దాని బదులు హెయిర్ డ్రయ్యర్ వాడితే పౌడరు కరగడానికి ముందే ఎగిరిపోతుంది. చిన్నపిల్లలు తెల్ల మైనపు క్రేయానుతో బొమ్మ గీసి పైన నీటిరంగు పూస్తే, ఉబ్బెత్తు లేకపోయినా రంగు అంటని గీత వారికీ దొరుకుతుంది.

అనుబంధం తదుపరి సంచికలో ఈ రెండు వరసలనూ విడివిడిగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక డ్రాయింగు ఉపాధ్యాయురాలు,
తెనాలి